పటాలపు పాదిరి: పూర్వికాన్వేషణమునందు ఆధారముల విచారము

తెలుగువారు క్రైస్తవ మతగురువును పాదిరి యందురు. ఈ మాట పోర్చుగీసువారితో మన తీరములకు వచ్చినది. వారి భాషయందు 'పాద్రె' యనగా తండ్రి. తమిళులును, మలయాళులును, హిందీ మాటలాడువారును కొలదిపాటి మార్పులతో దీనిని స్వీకరించిరి. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఇండియాలోని దీని ప్రయోగములను సేకరించి చూపినది. ఇచట కొలువు చేసిన ఇంగ్లీషు సిపాయిలు ఇక్కడి వాడుకనుండియే ఈ పదమును గ్రహించి, తమ పటాలమువెంట నుండు మతాచార్యునకు పెట్టిరి. వారితో కూడ అది ఇంగ్లండునకు పోయినది. 1914లో ఆరంభమైన మహాయుద్ధమున ఫ్రాన్సు దేశపు కందకములలో సామాన్య సైనికుని నోట నానిన పదమిదియే. కాని అధికార పత్రములయందు ఈ పేరు కానరాదు. అందు 'చాప్లెయిన్ టు ది ఫోర్సెస్' అని యుండును. ఇంటి మాట యొకటి, దస్త్రపు మాట మరియొకటి.

యుద్ధకాలపు మతగురువును పూర్వికునిగా గలవారి పరిశోధన ఈ భేదమును గుర్తించుటతో మొదలు కావలెను. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండులలోను, అచటినుండి కెనడా, ఆస్ట్రేలియాలకు వలసపోయినవారి ఇండ్లలోను గోడపై ఒక ఛాయాచిత్రము తరచుగా కనబడును. సైనికోద్యోగి దుస్తులు, మెడకు పాదిరి ధరించు తెల్లని పట్టీ, టోపీపై కిరీటము క్రింద మాల్టా శిలువ. దానికి తోడుగా ఇంటివారు చెప్పుకొను కథ యొకటి యుండును. తాతగారు కెప్టెనుగా నుండిరి, ఫలానా పటాలముతో దాడికి నడచిరి, పతకము నందిరి, తిరిగివచ్చిన పిమ్మట దానిని గూర్చి నోరు మెదపలేదు. ఈ కథలో నాలుగు మాటలున్నవి. మొదటి మూడును పరిశీలనమున పలుమారు సవరింపవలసినవిగా తేలును. నాల్గవదియే సాధారణముగా నిజము. అయినను పరిశోధకుడు మొదటి మూటివెంట పరుగిడి నాల్గవదానిని వదలివేయుచుండును.

ముందుగా ఈ యుద్యోగ స్వరూపమును తెలిసికొనవలెను. 1914 ఆగస్టులో బ్రిటిషు సేనయందు నియుక్తులైన మతగురువులు 117 మంది మాత్రమే. యుద్ధము ముగియునాటికి ఆ సంఖ్య 3,400 దాటెను. ఇట్లు క్రొత్తగా చేరినవారిలో బహుసంఖ్యాకులు తాత్కాలికులు. ఒక్కొక్క సంవత్సరపు ఒడంబడికపై వచ్చి, గడువు తీరగానే కొందరు తమ గ్రామపు చర్చికి తిరిగిపోయిరి. కొందరు మరల సంతకము చేసిరి. కావున ఒకే మనుష్యుని సేవాకాలమునందు నడుమ ఖాళీలు కనబడుట అపరాధము వలననో, రోగము వలననో యని తొందరపడి యూహింపరాదు. గడువు తీరుటయే కారణము కావచ్చును.

మతగురువులకు నాలుగు తరగతులుండెను. నాల్గవ తరగతివానికి కెప్టెనుతోను, మూడవవానికి మేజరుతోను, రెండవవానికి లెఫ్టినెంటు కర్నలుతోను, మొదటివానికి కర్నలుతోను సమానమైన హోదా. తాతగారు కెప్టెనను ఇంటి కథ ఇందుండి పుట్టినది. హోదా కెప్టెనుదే కాని ఆయన కెప్టెను కాడు. ఆయన ఆజ్ఞకు ఒక్క సిపాయియు బద్ధుడు కాడు. యుద్ధరంగమున గాయపడినవారి రక్షణకై జినీవాలో 1864లో కుదిరిన ఒడంబడిక వైద్యులతోపాటు మతగురువులకును రక్షణ నొసగెను. 1906 నాటి ఒడంబడిక దానిని స్థిరపరచెను. శత్రువు చేతిలో పడినను వారిని యుద్ధఖైదీలుగా పరిగణింపరాదు. ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మతగురువు ఏ పటాలమునకును చెందినవాడు కాడు. ఆయన మతగురువుల విభాగమునకు చెందినవాడు. బ్రిగేడునకో, ఆస్పత్రికో, ఓడరేవులోని మజిలీకో జతపరుపబడినవాడు. జతపరచినవారే వేరుచేసి మరియొకచోటికి పంపుదురు. పటాలపు జాబితాలో పూర్వికుని పేరు లేదని నిరాశ చెందినవారెందరో కలరు. అచట ఉండవలసిన పేరు కాదది.

రెండవ చిక్కు శాఖాభేదము వలన కలుగుచున్నది. యుద్ధకార్యాలయమున మతగురువుల కధిపతి బిషప్ జాన్ టెయిలర్ స్మిత్. ఆంగ్లికను శాఖకు చెందిన అభ్యర్థులను ఆయన స్వయముగా చూచి ప్రశ్నించుచుండెను. గుఱ్ఱపు స్వారి వచ్చునా, ఫ్రెంచి మాటలాడగలరా, వ్రాతప్రతి లేక ఉపన్యసింపగలరా యనునవి అందలి ప్రశ్నలు. ఫ్రాన్సులో సేనతో నుండిన ప్రధాన మతగురువు జె.యం. సిమ్స్ ప్రెస్బిటీరియను. తమ శాఖవారు వేరొక శాఖవాని క్రింద నుండుట ఆంగ్లికనులలో కొందరికి రుచింపలేదు. 1915లో ఆంగ్లికనులను ఖార్టూము బిషప్పగు లెవెల్లిన్ గ్విన్నున కొప్పగించిరి. రోమను కాథలిక్కులు, ప్రెస్బిటీరియనులు, మెథడిస్టులు మున్నగువారు సిమ్స్ క్రిందనే యుండిరి. యూదులకు మైకేల్ ఆడ్లర్ 1915లో ఫ్రాన్సునకు వెడలెను. ఒకే రణరంగమున రెండు అధికార పరంపరలు, రెండు విధములైన ఉత్తరప్రత్యుత్తరములు. పూర్వికుని శాఖ ఏదియో తెలియక వెదకువాడు తాళపుచెవి లేక తలుపు తట్టువాడగును.

ఇక పత్రముల మాట. లండను చెంతనున్న క్యూలోని జాతీయ దస్త్రశాలయందు సైనికోద్యోగుల దస్త్రములు డబ్ల్యు.ఓ. 339, డబ్ల్యు.ఓ. 374 అను రెండు వరుసలలో నున్నవి. తాత్కాలిక మతగురువుల దస్త్రములలో మిగిలినవి వీనియందే వెదకవలెను. మిగిలినవి యనుటకు కారణము కలదు. 1940 సెప్టెంబరులో జర్మను విమానముల బాంబుదాడివలన లండనులోని యుద్ధకార్యాలయపు గిడ్డంగి దగ్ధమై లక్షల కొలది సిపాయిల దస్త్రములు బూడిదయైనవి. ఉద్యోగుల ముఖ్య దస్త్రములును ఆ మంటకే ఆహుతియైనవి. ఇప్పుడు మనకు లభించునవి వారిని గూర్చి నడచిన ఉత్తరప్రత్యుత్తరములు మాత్రమే. అందుచేత ఒకని దస్త్రమున ఒడంబడిక కాగితమును, తిరుగు ప్రయాణపు భత్యమును గూర్చిన తగవును దక్క వేరేమియు నుండకపోవచ్చును. ఆ తగవును చూచి పాదిరి లోభియని తీర్మానించినచో అన్యాయమగును. కాలినది కాలగా మిగిలినదే మనుష్యుని స్వభావమని యనరాదు కదా!

పతకముల సూచికాపత్రములు డబ్ల్యు.ఓ. 372 వరుసలో నున్నవి. సిపాయిలకు యుద్ధపతకములు వానియంతట అవి వచ్చినవి. ఉద్యోగులు మాత్రము తామై అర్జీ పెట్టుకొనవలసి యుండెను. అర్జీ పెట్టినవాని పత్రముపై ఆనాటి చిరునామా యుండుట కలదు. అది వంశచరిత్రకారునకు పతకముకంటె విలువైనది. ఏలయన యుద్ధానంతరము ఏ గ్రామపు చర్చిలో కుదురుకొనెనో దానివలన తెలియును. యుద్ధపతకమనగా శౌర్యపతకము కాదనియు గుర్తుంచుకొనవలెను. రణరంగమునకు పోయినవారందరికిని అది లభించినది. ఇంటి కథలోని మూడవ మాట ఇచటనే చెడుచుండును. శౌర్యమునకై యిచ్చినదైనచో లండన్ గెజెటులో ప్రకటన యుండితీరవలెను. మతగురువుల విభాగపు మ్యూజియములోని సూచికాపత్రములు కొన్ని సందర్భములలో నియామకము, బదిలీలు, ఒడంబడిక ముగింపు మున్నగు వివరములను పొడిపొడిగా నిచ్చుచున్నవి.

యుద్ధదినచర్యలు డబ్ల్యు.ఓ. 95 వరుసలోనివి. ప్రతి పటాలమును, బ్రిగేడును, ఆస్పత్రియు ఏనాటికానాడు వ్రాయవలసిన పుస్తకములివి. ఇందు మతగురువు పేరు అరుదుగా వచ్చును. 'ఉదయము ప్రార్థన జరిగినది' యని మాత్రముండును, జరిపినవాడెవడో యుండదు. అయినను ఇవి నిరర్థకములు కావు. పూర్వికుడు ఏ బ్రిగేడునకు ఏ తేదీనుండి జతపరుపబడెనో తెలిసినచో, ఆ దినములలో ఆ బ్రిగేడు ఎచట నున్నది, ఎందరు మడిసిరి, వాన కురిసినదా, విశ్రాంతిలో నుండెనా యనునది వీనివలన స్పష్టపడును. సేనవారి కాగితము మనుష్యుడెచట నుండెనో చెప్పును. అంతకు మించి అడిగిన చెప్పదు.

ఆయన ఎవరో చెప్పునది చర్చివారి కాగితము. ఆంగ్లికనులకు 1858నుండి వెలువడుచున్న క్రాక్‌ఫర్డ్ మతగురువుల సూచి ప్రధానాధారము. అందు చదివిన విశ్వవిద్యాలయము, దీక్ష పొందిన సంవత్సరము, కొలిచిన చర్చులు వరుసగా నుండును; నడుమ 'టి.సి.ఎఫ్.' అను మూడక్షరములు కనబడినచో అదియే యుద్ధకాలము. స్కాట్లండు చర్చివారికి ఫాస్తి యను గ్రంథపరంపరయు, మెథడిస్టులకు వార్షిక సభల నివేదికలును ఇట్టివే. కాథలిక్కులలో గురువు ఏ మఠమునకో, ఏ బిషప్పు అధీనమునకో చెందియుండును గావున అచటి దస్త్రశాలనే యడుగవలెను.

చర్చి పత్రికలను గూర్చి ఒకమాట. గ్రామపు పాదిరి యుద్ధమునకు పోయినప్పుడు అచటినుండి వ్రాసిన లేఖలను ఆ చర్చివారి మాసపత్రికలో అచ్చువేయుట ఆనాటి వాడుక. ఇవి దొరకినచో వంశీయులకు పెన్నిధి దొరకినట్లే. కాని వీనిని చదువుటకు కొంత మెలకువ కావలెను. ఆ లేఖల నెవరికొరకు వ్రాసెను? ముందువరుసలో కొడుకులున్న తల్లులకొరకు. ఏ చేతి గుండా పంపెను? స్థలముల పేర్లు, సేనల కదలికలు వ్రాయరాదను కట్టడి క్రింద. కాబట్టి అందు సిపాయిలందరు ఉత్సాహవంతులుగను, ఆహారము తృప్తికరముగను, పాటలు మధురముగను ఉండును. ఆయన అబద్ధమాడెననుట కాదు. చెప్పదగినది మాత్రమే చెప్పెను. అదే రాత్రి భార్యకు వ్రాసిన లేఖ లభించినచో రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. తాళపత్ర ప్రతులను సరిపోల్చి పాఠనిర్ణయము చేయువారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. ప్రతులు భేదించుచోటనే లేఖకుని మనస్సు దొరకును.

ఆధారములు సమృద్ధిగా నున్న ఒక జీవితమును ఉదాహరణముగా తీసికొందము. థియొడోర్ బెయిలీ హార్డీ 1863 అక్టోబరు 20న ఎక్సెటరులో జన్మించెను. లండను విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. 1891నుండి 1907వరకు నాటింగ్‌హాము హైస్కూలులో ఉపాధ్యాయుడు. నవలాకారుడు డి.హెచ్. లారెన్స్ ఆ కాలముననే అదే పాఠశాలలో విద్యార్థిగా నుండెను. ఉపాధ్యాయుడుగా నుండగనే హార్డీ మతదీక్ష గైకొనెను. పిదప బెంథాము గ్రామర్ స్కూలున ప్రధానోపాధ్యాయుడై, 1913లో వెస్ట్‌మోర్లండులోని హటన్‌రూఫ్ అను చిన్న గ్రామమునకు పాదిరిగా పోయెను. 1914 వేసవిలో భార్య మరణించెను. యుద్ధము వచ్చినంతనే సేనతో పోవుటకు అర్జీ పెట్టుకొనగా వయస్సు మీరెనని త్రోసివేసిరి. మరల మరల అడిగి 1916లో నాల్గవ తరగతి తాత్కాలిక మతగురువుగా చేరెను. అప్పటికి ఆయనకు ఏబది రెండేండ్లు నిండినవి.

ఇంతవరకు చర్చి కాగితములును, పాఠశాలల రికార్డులును చెప్పును. ఇచటినుండి సేన కాగితములు చేయి యందుకొనును. మొదట ఏటాప్లిలోని మజిలీ. పిదప 8వ లింకన్‌షయరు, 8వ సోమర్‌సెట్ పటాలములతో ముందువరుస. 1917లో విరిగిన మణికట్టుతోనే క్షతగాత్రుల మధ్య తిరిగినందుకు డి.యస్.ఓ.; అటు తరువాత మిలిటరీ క్రాసు; 1918 ఏప్రిలులో బుకువా ప్రాంతమున చేసిన పనులకు విక్టోరియా క్రాసు. శత్రువుల కాపలాచోటికి పది గజముల దూరమున పడియున్న ఒక గాయపడిన సిపాయిని ఒక సార్జంటు తోడుతో మోసికొని వచ్చుట అందలి దొకటి. గెజెటు ప్రకటన జులైలో వచ్చినది. అయిదవ జార్జి చక్రవర్తి ఆగస్టు 9న ఫ్రాన్సులోనే పతకమును తొడిగెను. కార్యము ఏప్రిలునందు, ప్రకటన జులైయందు, ప్రదానము ఆగస్టునందు. జ్ఞాపకమునందు ఈ మూడు తేదీలును ఒక్కటిగా కలిసిపోవుట సహజము. కుటుంబ కథలలో తేదీలు తప్పుటకు ఇదియొక పెద్ద హేతువు. గెజెటు తేదీని యుద్ధము జరిగిన తేదీగా భావించి, ఆ నాటి దినచర్యను తెరచి, అచట ఏమియు లేదని నిట్టూర్చువారున్నారు.

చక్రవర్తి ఆయనను తన ఆస్థాన మతగురువులలో నొకనిగా నియమించెను. ఆ నెపమున ఇంటికి మరలివచ్చునని పైవారి యాశ. హార్డీ రాలేదు. 1918 అక్టోబరు 11న సెల్ నది దాటుచోట గుండు తగిలి, రువా నగరపు ఆస్పత్రిలో అక్టోబరు 18న కన్నుమూసెను. మరి రెండు దినములకు ఏబదియైదు నిండవలసి యుండెను. యుద్ధవిరమణమునకు మూడు వారములు మాత్రమే మిగిలియుండెను. రువాలోని సెయింట్ సెవరు శ్మశానపు విస్తరణ భాగమున ఆయన సమాధి యున్నది.

గెజెటు పొగడ్తలో లేని చిన్న సంగతి యొకటి తరువాతివారికి దక్కినది. చీకటిలో కందకములవెంట పోవునపుడు, వచ్చుచున్నది తానేయని మెల్లగా చెప్పి సిపాయిల చెంత కూర్చుండుట హార్డీకి వాడుక. చుట్టయో, మిఠాయియో చేతిలో నుండెడిది. దీనిని సేన వ్రాసికొనలేదు, చర్చియు వ్రాసికొనలేదు. ఆ కందకములలో నుండిన సిపాయిలు బ్రదికి వచ్చి చెప్పగా నిలిచినది. మతగురువు చేసిన పనికి సాక్షులు ఆయన కుటుంబమువారు కారు. ఇతర కుటుంబములవారు. విక్టోరియా క్రాసు పొందినవానిని గూర్చి జనులు తామై వచ్చి చెప్పుదురు. పేరులేని మిగిలిన మూడువేలమందిని గూర్చి, వారి మనుమలే పోయి పరుల గడపల చెంత అడుగవలెను.

ఎవరి గడప? మతగురువు దినమున ఎక్కువ భాగము రెండు పనులకు వ్యయించెను. ఒకటి మృతులను పూడ్చుట. రెండవది వారి ఇండ్లకు జాబులు వ్రాయుట. ప్రతి ఖననమునకును స్థలము, పేరు, తేదీ తెలుపు నివేదిక పంపవలసి యుండెను. ఆ నివేదికల ఆధారముననే ఫేబియన్ వేర్ అధ్యక్షతన సమాధుల నమోదు సాగి, 1917లో సామ్రాజ్య యుద్ధసమాధుల సంఘము వెలసినది. కావున పూర్వికుని బ్రిగేడులో ఆ దినములలో మడిసినవారి పేర్లు తెలిసికొని, ఆ వంశీయులు దాచుకొన్న కాగితములను, ఆనాటి స్థానిక వార్తాపత్రికలను చూడవలెను. 'మీ కుమారుడు బాధపడలేదు' అను అర్థము వచ్చు లేఖలు కోకొల్లలుగా అచ్చుపడినవి. వాని క్రింద సంతకములున్నవి. తన ఇంటిలో ఒక్క కాగితము మిగల్చని పాదిరి, పరుల ఇండ్లలో పది లేఖలై మిగిలియుండుట అసంభవము కాదు.

ఆ లేఖలలోని ఓదార్పును యథార్థముగా గ్రహింపవచ్చునా? ఇది కేవలము పరిశోధన ప్రశ్న కాదు. బాధపడలేదని వ్రాసినవాడు ఆ బాధను చూచి యుండవచ్చును. ఆ వాక్యము మరణమునకు సాక్ష్యము కాదు. వ్రాసినవాని దయకు మాత్రము నిక్కమైన సాక్ష్యము. వంశచరిత్రకారుడు ఈ రెంటిని వేరుచేయగలిగిన, తన పూర్వికుని అబద్ధీకుని చేయడు, ఎదుటి కుటుంబపు శోకమును తిరుగదోడడు.

ఇచట ఒక వివాదమును స్మరింపవలసి యున్నది. రాబర్ట్ గ్రేవ్స్ 1929లో ప్రకటించిన ఆత్మకథయందు ఆంగ్లికను మతగురువులు ప్రమాదమునకు దూరముగా నుండిరనియు, కాథలిక్కులు మాత్రము సిపాయిల వెంట నడచిరనియు ఆక్షేపించెను. గ్రంథము ప్రసిద్ధమగుటచేత ఈ యాక్షేపణమును ప్రసిద్ధమైనది. దీనిని చదివి తన తాతయు అట్టివాడేయని సిగ్గుపడు మనుమలు కలరు. కోపగించి ఆయనను వీరునిగా నిలుపజూచువారును కలరు. యుద్ధారంభమున మతగురువులు ముందువరుసకు పోరాదను కట్టుబాట్లు కొన్నిచోట్ల నుండినమాట నిజము. యుద్ధము సాగినకొలది అవి సడలినవి. మైకేల్ స్నేప్, ఎడ్వర్డ్ మాడిగన్ మున్నగు ఇటీవలి చరిత్రకారులు దస్త్రములను పరిశీలించి గ్రేవ్స్ తీర్పు ఏకపక్షమని నిరూపించిరి. కాని సామాన్య సిద్ధాంతము ఎట్లున్నను ఒక వ్యక్తి విషయము తేలదు. ఆయన 1915లో నుండెనా, 1918లో నుండెనా? పటాలము వెంటనా, ఓడరేవు ఆస్పత్రిలోనా? ఆస్పత్రిలో నుండుటయు తక్కువ పని కాదు. రాత్రికి రాత్రి వచ్చి పడు గాయపడినవారి మధ్య మంచమునుండి మంచమునకు తిరిగినవానిని వెనుకవరుసవాడని తీసివేయరాదు.

ఇంటి కథలోని నాల్గవ మాటకు ఇప్పుడు రావలెను. తిరిగివచ్చిన పిమ్మట ఆయన ఏల మాటలాడలేదు? అనేక కారణములుండవచ్చును. వానిలో ఒకదానికి మాత్రము దస్త్రములందు చోటు దొరకదు. సేన విడిచి పారిపోయినందుకు, పిరికితనమునకు, అట్టి ఇతర సైనికాపరాధములకు తమ సేనవారిచేతనే కాల్చబడిన బ్రిటిషు సామ్రాజ్య సిపాయిలు 306 మంది. వీరికి 2006లో పార్లమెంటు చట్టము మూలమున క్షమాపణ లభించెను. వారి విచారణ పత్రములు డబ్ల్యు.ఓ. 71 వరుసలో నున్నవి. తీర్పును చదివి వినిపించిన రాత్రినుండి తెల్లవారువరకు ఆ కుఱ్ఱవాని ప్రక్కన కూర్చుండినవాడు మతగురువు. మరణమును ధ్రువపరచి సంతకము చేయువాడు వైద్యుడు. పాదిరి సంతకమునకు అచట స్థానము లేదు. జూలియన్ బికర్‌స్టెత్ అను మతగురువు ఇట్టి రాత్రులను గూర్చి ఇంటికి వ్రాసెను. ఆయన తల్లి తన ఇద్దరు కుమారుల యుద్ధలేఖలను పుస్తకములుగా కూర్చి భద్రపరచినది గావున అవి నిలిచి, 1995లో గ్రంథరూపమున వచ్చినవి. అట్టి తల్లి లేని ఇండ్లలో ఆ రాత్రులు లేవు. పూర్వికుని బ్రిగేడులో ఇట్టి శిక్ష జరిగిన తేదీ యుండి, ఆ తేదీన ఆయన అచట నుండినట్లు తెలిసినప్పటికిని, ఆయనయే పోయెనని వ్రాయరాదు, పోలేదనియు వ్రాయరాదు. తేదీని, స్థలమును ప్రక్కప్రక్కన నిలిపి విడువవలెను. మాటలాడనివాని నోట మాటలు పెట్టుట మనుమలకు లేని అధికారము.

దీనికి భిన్నముగా, ఒక మతగురువు చూచిన చిన్న దృశ్యము దేశచరిత్రలో చేరిన సందర్భమును కలదు. డేవిడ్ రెయిల్టన్ 1916లో ఆర్మెంటియరు చెంత నొక తోటలో సమాధిని చూచెను. కొయ్య శిలువపై పేరు లేదు. ఒక తెలియని బ్రిటిషు సిపాయి యని పెన్సిలుతో వ్రాసియుండెను. 1920లో ఆయన వెస్ట్‌మినిస్టరు మఠాధిపతికి జాబు వ్రాయగా, దాని ఫలముగా ఆ యేడు నవంబరు 11న అజ్ఞాతయోధుని వెస్ట్‌మినిస్టరు ఆబీలో ఖననము చేసిరి.

ఇండియాకు సంబంధించినంతవరకు ఈ విషయము మరియొక మార్గమున నడచినది. ఇచట ఆంగ్లికను మతగురువులు అనేకులు సేనకు కాక ప్రభుత్వపు మతశాఖకు చెందినవారు. బంగాళము, మద్రాసు, బొంబాయి ఒక్కొక్కదానికి ఒక శాఖ. యుద్ధము వచ్చినపుడు వారిని దండువెంట పంపుచుండిరి. జె.డబ్ల్యు. ఆడమ్స్ చరిత్రము ఇందుకు నిదర్శనము. 1879 డిసెంబరు 11న అఫ్గనిస్తానములో కిల్లా కాజీ యను చోట, 9వ లాన్సర్లకు చెందిన సిపాయిలు గుఱ్ఱములతో సహా లోతైన నీటికాలువలో పడి, గుఱ్ఱముల క్రింద చిక్కుకొనిరి. శత్రువులు సమీపించుచుండగా ఆడమ్స్ నీటిలో దుమికి, గుఱ్ఱములను తొలగించి, వారిని బయటికి లాగి, తాను కాలినడకను తప్పించుకొని వచ్చెను. ఆయనకు విక్టోరియా క్రాసు నీయవలెనన్న ఒక చిక్కు వచ్చినది. ఆయన సైనికుడు కాడు, బంగాళపు మతశాఖోద్యోగి. అందుచేత 1881 ఆగస్టులో రాజశాసనము చేసి ఇండియాలోని మతశాఖలవారికిని ఆ పతకము చెందునట్లు నిబంధనమును విస్తరించిరి. మతగురువులలో దానిని మొదట పొందినవాడు ఆయనయే. ఆయన వంశీయుడు బ్రిటిషు సేనాదస్త్రములలో మాత్రమే వెదకినచో గురి తప్పును. అసలు దస్త్రములు ఇండియా ఆఫీసు కాగితములలో, లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున నున్నవి.

సికిందరాబాదు కంటోన్మెంటులో పనిచేసిన పాదిరులను పూర్వికులుగా గలవారికిని ఇదియే త్రోవ. అచటి సెయింట్ జాన్ చర్చి 1813 నాటిది. బొల్లారము ట్రినిటీ చర్చి 1847 నాటిది. బాప్తిస్మము, వివాహము, ఖననము మూటికిని చర్చివారు వ్రాసికొన్న పట్టికల నకళ్లు లండనునకు పోయెడివి. మద్రాసు రాజధాని నకళ్లు ఎన్. 2 అను వరుసలో నున్నవి. ప్రతి పంక్తి చివరను ఆ క్రియను జరిపిన మతగురువు సంతకముండును. పాదిరి పేరు సూచికలలో దొరకదు. ఏలయన సూచికలు వధూవరుల పేర్లతోను, మృతుల పేర్లతోను కట్టబడినవి. మరల పరుల జననమరణములలోనే ఆయనను వెదకవలెను.

హిందూ, సిక్కు, ముస్లిము సిపాయిల వెంట నడచిన పండితులు, గ్రంథులు, మౌల్వీలు మరియొక తెగవారు. ధర్మగురువుకు నేడు భారతసేనలో జూనియరు కమిషన్డు ఉద్యోగి హోదా యున్నది. నూతన సైనికులు ప్రమాణము చేయునపుడు ఆయన సమక్షముననే చేయుదురు. 1914నాటి వారికి ఆంగ్ల మతగురువులకు వలె గెజెటు నియామకములు గాని, క్రాక్‌ఫర్డ్ వంటి సూచి గాని లేవు. పంజాబువారికి ఒక యాధారము చిక్కినది. లాహోరు మ్యూజియములో నుండిన పట్టికలు సుమారు 3,20,000 మంది పంజాబు సైనికుల వివరములను గ్రామములవారీగా తెలుపుచున్నవి. 2021నుండి అవి క్రమముగా జనులకు అందుబాటులోనికి వచ్చినవి. రెండవది సెన్సారు నివేదికలు. ఫ్రాన్సునుండి భారతీయ సైనికులు వ్రాసిన లేఖలను, వారికి వచ్చిన లేఖలను విప్పి చదివిన యుద్యోగులు కొన్నింటినుండి భాగములను ఇంగ్లీషులోనికి మార్చి వారమువారము నివేదికలు పంపిరి. ఇవి ఇండియా ఆఫీసు కాగితములలో సురక్షితముగా నున్నవి. సేనలోని పండితుని, గ్రంథిని, మౌల్వీని గూర్చి సిపాయిలేమనుకొనిరో తెలియుటకు ఈ అనువాద ఖండములను పుటపుట చదువవలెను. గురుముఖిలోను, ఉర్దూలోను, హిందీలోను వ్రాసిన మూలలేఖలను సెన్సారు తన చెంత నుంచుకొనలేదు. మరల అతికించి, చేరవలసిన గ్రామములకు పంపివేసెను.